ఫోటోకు ఎంత పదును పెట్టాలి?

కత్తులకు, కత్తెరలకు సాన పట్టే అతను వీధిలోకి రావడం మీలో కొందరైనా చూసే ఉంటారు. సైకిలుకు బిగించిన సానరాయిని తొక్కి తిప్పుతూ, నిప్పురవ్వలు ఎగురుతుండగా కత్తిని దానికి ఆనిస్తాడు. అతను అన్ని కత్తులకూ ఒకే విధంగా సాన పట్టడు. కూరగాయలు తరిగే కత్తి అంచును పలచగా అరగదీస్తాడు. కొబ్బరికాయలు కొట్టే కత్తిని అంత పలచన చేస్తే అంచు విరుగుతుంది కనుక దాన్ని కాస్త మందంగానే ఉంచుతాడు. మరో సంగతి కూడా గమనించండి. సాన పట్టినందువల్ల కత్తికి కొత్తగా ఇనుము వచ్చి చేరదు. ఉన్న ఇనుముకే అంచు తేరుతుంది.

ఫోటోలకు కూడా ఇలాగే పదును పెడతారు. కంప్యూటర్‌లో ఫోటోలను సరిదిద్దే సాఫ్ట్‌వేర్‌లలో షార్పెనింగ్ అనే పేరుతో కనిపించేది ఇదే. మసకగా వచ్చిన ఫోటోలో లేని వివరాలను కూడా అది తెచ్చిపెడుతుందని చాలామంది అనుకుంటారు. అది పొరపాటు. మరి అది చేసే పని ఏమిటి? మనం అడగకుండానే సాఫ్ట్‌వేర్ ఎంత పదును పెడుతుంది? దాన్ని మన అవసరానికి తగినట్టు మార్చుకోవడం ఎలా? ఇవన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం.

పచ్చి ఫైలు, వండిన ఫైలు

కెమెరాలో కటకం వెనుక సెన్సర్ అనే పలుచని సిలికాన్ బిళ్ళ ఉంటుంది. దాని మీద గళ్ళ నోటుపుస్తకంలోని గళ్ళలాగా లక్షలకొద్దీ చిన్న గళ్ళు ఉంటాయి. వీటినే పిక్సెళ్ళు అంటారు. 24 మెగాపిక్సెళ్ళ కెమెరా అంటే అందులో 2 కోట్ల 40 లక్షల గళ్ళు ఉన్నాయన్నమాట. ఒక్కొక్క గడి తన మీద పడిన కాంతి ఎంతో కొలిచి ఒక అంకెగా చెబుతుంది.

అయితే ఆ గడికి రంగు తెలియదు. కాంతి ఎంత పడిందో చెబుతుందే గాని అది ఎర్రదో, పచ్చదో చెప్పలేదు. ఈ చిక్కును తప్పించడానికి ఈస్ట్‌మన్ కొడక్ సంస్థలో పనిచేసిన బ్రైస్ బేయర్ ఒక ఉపాయం కనిపెట్టాడు. ఆయన పేటెంట్ 1976లో మంజూరైంది. ప్రతి గడి మీదా ఒక రంగు వడపోత పొర వేస్తారు. ప్రతి నాలుగు గళ్ళలో రెండింటిపై ఆకుపచ్చ, ఒకదానిపై ఎరుపు, ఒకదానిపై నీలం పొర ఉంటుంది. మన కన్ను వెలుగునీడల వివరాలను ఎక్కువగా ఆకుపచ్చ కాంతి నుంచే గ్రహిస్తుంది. అందుకే ఆకుపచ్చకు రెండు వాటాలు.

ఇప్పుడు ఒక లెక్క వేయండి. తయారైన ఫోటోలో ప్రతి గడికీ ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలు కావాలి. కాని సెన్సర్ ప్రతి గడిలోనూ కొలిచింది ఒక్క అంకెనే. మిగిలిన రెండింటినీ చుట్టుపక్కల గళ్ళను చూసి లెక్కకట్టాలి. అంటే ఫోటోలోని రంగుల అంకెలలో మూడింట రెండు వంతులు కొలిచినవి కావు, ఊహించినవి! పక్క గళ్ళను కలిపి ఊహించినప్పుడు అంచులు కొంత మెత్తబడక తప్పదు. దీనికి తోడు కొన్ని కెమెరాలలో సెన్సర్ ముందు మరొక పలుచని పొర ఉంటుంది. పట్టుచీర నేత, దోమతెర వంటి సన్నని గీతల మీద లేనిపోని అలలు కనిపించకుండా ఉండటానికి ఆ పొర బొమ్మను కావాలనే రవ్వంత మసక చేస్తుంది.

సెన్సర్ కొలిచిన అంకెలను వండకుండా దాచిన ఫైలును రా ఫైలు అంటారు. ఇది మన "రా, రా" అనే పిలుపు కాదు. ఇంగ్లీషులో ఆ మాటకు పచ్చిది అని అర్థం. మామూలుగా మనం చూసే జేపెగ్ ఫైలు అలా కాదు. అందులో కెమెరాయే రంగులు సరిచేసి, పదును పెట్టి, ఫైలు చిన్నదయ్యేలా కుదించి ఇస్తుంది. అది వండిన కూర. కూరలో ఉప్పు తక్కువైతే పైన కాస్త చల్లుకోవచ్చు. ఎక్కువైతే తీయడం ఎవరి తరమూ కాదు. జేపెగ్‌లో పదును కూడా అంతే. పచ్చి కూరగాయల్లాంటి రా ఫైలులో మాత్రం ఉప్పు ఎంత వేయాలో ప్రతిసారీ మనమే నిర్ణయించవచ్చు. ఈ వారం వేసిన మోతాదు బాగులేదనిపిస్తే వచ్చేవారం మళ్ళీ మొదటినుంచి వండుకోవచ్చు. రా ఫైళ్ళతో పనిచేసే సాఫ్ట్‌వేర్ మనం చేసిన మార్పులను ఒక చీటీలాగా విడిగా రాసుకుంటుంది గాని కెమెరా కొలిచిన అంకెలను చెరపదు.

కన్ను చేసే తమాషా

పదును పెట్టడమంటే ఏమిటో తెలియాలంటే ముందు మన కన్ను ఎలా చూస్తుందో తెలియాలి. ఒక చిన్న ప్రయోగం చేయండి. ట్రేసింగ్ కాగితాన్ని నాలుగు ముక్కలుగా కత్తిరించండి. మొదటి ముక్క అన్నిటికన్నా వెడల్పుగా, తరువాతివి ఒక్కొక్క అంగుళం తక్కువ వెడల్పుతో ఉండాలి. వీటిని ఎడమ అంచులు కలిసేలా ఒకదానిపై ఒకటి పేర్చి, పగటిపూట కిటికీ అద్దానికి ఆనించి చూడండి. ఒక పొర, రెండు పొరలు, మూడు పొరలు, నాలుగు పొరలు, ఇలా మెట్లు మెట్లుగా నలుపెక్కే పట్టీలు కనిపిస్తాయి.

ఇప్పుడు ఏదైనా ఒక పట్టీని శ్రద్ధగా చూడండి. అందులో అంతటా ఒకే మందం కాగితం ఉంది కనుక వెలుగు కూడా అంతటా ఒకేలా ఉండాలి. కాని అలా కనిపించదు. తనకన్నా నల్లని పట్టీని ఆనుకున్న అంచు దగ్గర కాస్త తెల్లగానూ, తనకన్నా తెల్లని పట్టీని ఆనుకున్న అంచు దగ్గర కాస్త నల్లగానూ కనిపిస్తుంది. అనుమానం వస్తే పక్క పట్టీలను రెండు అట్టముక్కలతో కప్పి చూడండి. ఆ తేడా మాయమవుతుంది.

అంచుల దగ్గర ఇలా లేని పట్టీలు కనిపించే సంగతిని ఆస్ట్రియా భౌతిక శాస్త్రవేత్త ఎర్నెస్ట్ మాక్ 1865లో వివరించాడు. అందుకే వీటిని మాక్ పట్టీలు అంటారు. కంటిలో ఇలాంటి పని ఎలా జరుగుతుందో తెలియడానికి చాలా ఏళ్ళు పట్టింది. అమెరికా శాస్త్రవేత్త హార్ట్‌లైన్ లిమ్యులస్ అనే సముద్రజీవి కంటిని పరిశీలించాడు. గుర్రపు నాడా ఆకారంలో ఉండే ఆ జీవి కంటిలో వెలుగు పడిన ప్రతి గ్రాహకమూ తన పక్కనున్న గ్రాహకాలను కొంత అణచి ఉంచుతుందని ఆయన కనుగొన్నాడు. చూపు గురించిన పరిశోధనలకు 1967లో నోబెల్ బహుమతి అందుకున్న ముగ్గురిలో ఆయన ఒకడు.

పక్కవాళ్ళను అణచడం వల్ల ఏం జరుగుతుంది? సాదాగా ఉన్న చోట అందరూ అందరినీ ఒకేలా అణుస్తారు కనుక తేడా ఏమీ కనిపించదు. అంచు దగ్గర మాత్రం లెక్క మారుతుంది. వెలుగువైపు అంచున ఉన్న గ్రాహకానికి ఒక పక్కనున్న పొరుగువారు బలహీనులు. అందుచేత దాని మీద అణచివేత తక్కువ. అది మరింత వెలుగు ఉన్నట్టు చెబుతుంది. చీకటివైపు అంచున ఉన్నదాని మీద అణచివేత ఎక్కువ. అది మరింత చీకటిగా ఉన్నట్టు చెబుతుంది. మన కంటిలోనూ ఇలాంటి ఏర్పాటే ఉంది. వస్తువుల సరిహద్దులను గుర్తించడానికి ప్రకృతి చేసిన ఏర్పాటు అది. సాఫ్ట్‌వేర్ పెట్టే పదును కూడా ఈ పద్ధతినే అనుసరిస్తుంది.

మసకతో పదును

ఫిల్ము కెమెరాల కాలంలోనే చీకటిగదిలో ఫోటోకు పదును పెట్టేవారు. అసలు నెగటివ్‌కు కావాలనే మసకగా, పలచగా ఒక పాజిటివ్ ప్రతి తీసి, ఆ రెండింటినీ ఒకదానిపై ఒకటి పెట్టి ఫోటో ముద్రించేవారు. అప్పుడు అంచులు తేటగా వచ్చేవి. ఈ పద్ధతి పేరు అన్‌షార్ప్ మాస్క్, అంటే మసక ముసుగు. పదును పెట్టడానికి మసక ప్రతి కావలసి రావడం వింతగా ఉంది కదూ! కంప్యూటర్ ఇదే పనిని కూడికలు, తీసివేతలతో చేస్తుంది. మీరు కూడా కాగితం మీద చేయవచ్చు.

ఒక గోడ నీడ, పక్కనే ఎండ ఉన్న ఫోటోలో ఒక వరుసలోని ఆరు పిక్సెళ్ళను తీసుకుందాం. 0 అంటే పూర్తి నలుపు, 255 అంటే పూర్తి తెలుపు అనుకోండి.

అసలు వరుస: 60, 60, 60, 150, 150, 150

ప్రతి పిక్సెల్‌కూ తానూ, కుడి ఎడమల పొరుగులూ కలిపి మూడింటి సగటు కట్టండి. చివరి పిక్సెళ్ళకు అవతల కూడా అదే అంకె ఉందనుకోండి.

మసక వరుస: 60, 60, 90, 120, 150, 150

అసలు వరుస నుంచి మసక వరుసను తీసివేయండి.

తేడా: 0, 0, −30, +30, 0, 0

ఈ తేడాను అసలు వరుసకు కలపండి.

పదును వరుస: 60, 60, 30, 180, 150, 150

చూశారా? అంచుకు ఇవతల 60 కాస్తా 30 అయింది. అవతల 150 కాస్తా 180 అయింది. అంచు దగ్గర తేడా 90 నుంచి 150కి పెరిగింది. అంచు లేని చోట ఏమీ మారలేదు. లిమ్యులస్ కన్ను చేసినట్టే ఇక్కడ కూడా నలుపు పక్కన మరింత నలుపు, తెలుపు పక్కన మరింత తెలుపు వచ్చి చేరాయి. మన కన్ను దాన్ని చూసి "ఆహా, ఎంత స్పష్టంగా ఉంది!" అనుకుంటుంది.

కాని ఆ 30, ఆ 180 ఏవీ ఆ దృశ్యంలో లేవు. అవి మనం లెక్కవేసి కలిపినవి. ఈ సంగతి ఎప్పుడూ మరచిపోకూడదు.

ఇప్పుడు రెండో ఉదాహరణ. సాదాగా ఉన్న నీలాకాశంలో ఒక పిక్సెల్ పొరపాటున కాస్త ఎక్కువ చెప్పిందనుకుందాం.

అసలు వరుస: 100, 100, 106, 100, 100
మసక వరుస: 100, 102, 102, 102, 100
పదును వరుస: 100, 98, 110, 98, 100

పొరపాటు 6గా ఉండేది. ఇప్పుడు 110కి, దాని పక్కనున్న 98కి తేడా 12 అయింది. అంచు ఏదో, పొరపాటు ఏదో ఈ లెక్కకు తెలియదు. రెండింటికీ సాన పడుతుంది. ఇలాంటి పొరపాటు చుక్కలను నాయిస్ అంటారు. వెలుగు తక్కువగా ఉన్నప్పుడు కెమెరాలో ఐఎస్ఓ అంకె పెంచి ఫోటో తీస్తాం. అప్పుడు ఇసుక చల్లినట్టు కనిపించే చుక్కలు ఇవే.

నాలుగు మీటలు

అడోబీ సంస్థ వారి లైట్‌రూమ్, కెమెరా రా అనే సాఫ్ట్‌వేర్‌లలో పదునుకు నాలుగు మీటలు ఉంటాయి. మన లెక్కతో పోల్చి చూస్తే వాటి పని సులభంగా అర్థమవుతుంది.

మొదటిది అమౌంట్, అంటే మోతాదు. తేడాలో ఎంత భాగం కలపాలో ఇది చెబుతుంది. పై లెక్కలో తేడా అంతా కలిపాం. సగమే కలిపితే వరుస 60, 60, 45, 165, 150, 150 అవుతుంది. ఈ మీట 0 నుంచి 150 దాకా తిరుగుతుంది.

రెండోది రేడియస్, అంటే వ్యాసార్ధం. మసక ప్రతి తీసేటప్పుడు ఎంత దూరపు పొరుగులను లెక్కలోకి తీసుకోవాలో ఇది చెబుతుంది. ఇది 0.5 నుంచి 3 పిక్సెళ్ళ దాకా ఉంటుంది. పక్షి ఈకలు, గడ్డిపోచలు వంటి సన్నని వివరాలకు తక్కువ వ్యాసార్ధం చాలు. ఎక్కువైతే అంచుల చుట్టూ గీత గీసినట్టు తెల్లని, నల్లని వలయాలు ఏర్పడతాయి.

మూడోది డీటెయిల్. తక్కువగా ఉంటే వలయాలు అణగి, ముఖ్యమైన అంచులకే పదును దక్కుతుంది. పెంచుతూ పోతే బట్ట నేత, చెట్టు బెరడు వంటి సన్నని గరుకుదనం కూడా తేలుతుంది. నాయిస్ కూడా దానితోపాటే తేలుతుంది.

నాలుగోది మాస్కింగ్, అంటే ముసుగు వేయడం. 0 దగ్గర ఫోటో అంతటికీ పదును దక్కుతుంది. 100కు చేరుతున్నకొద్దీ బలమైన అంచులకు మాత్రమే పరిమితమవుతుంది. మన రెండో ఉదాహరణలో "తేడా 5 కన్నా తక్కువైతే దాని జోలికి పోవద్దు" అని ఒక నియమం పెట్టామనుకోండి. ఆకాశంలోని తేడా 4 మాత్రమే కనుక అది అలాగే ఉండిపోతుంది. గోడ అంచు దగ్గరి తేడా 30 కనుక దానికి పదును పడుతుంది. ముసుగు ఉద్దేశం కూడా ఇదే. విండోస్ కంప్యూటర్‌లో ఆల్ట్ మీట నొక్కిపట్టి ఈ ముసుగును కదిపితే ఫోటో నలుపు తెలుపుల్లోకి మారుతుంది. తెల్లగా కనిపించిన చోట పదును పడుతుంది, నల్లగా ఉన్న చోట పడదు.

అడగకుండానే వేసే చక్కెర

ఇంటికి వచ్చిన చుట్టానికి "కాఫీలో చక్కెర ఎంత?" అని అడగకుండా రెండు చెంచాలు వేసి ఇచ్చేవాళ్ళు ఉంటారు. చాలామందికి అది సరిపోతుంది. చక్కెర జబ్బు ఉన్నవారికి సరిపోదు. మనం ఏమీ చెప్పకపోతే సాఫ్ట్‌వేర్ తనంతట తానుగా తీసుకునే విలువను డిఫాల్ట్ అంటారు. అది ఈ రెండు చెంచాల చక్కెరలాంటిది.

లైట్‌రూమ్‌లో రా ఫైలు తెరవగానే అమౌంట్ 40, రేడియస్ 1, డీటెయిల్ 25, మాస్కింగ్ 0 అని ఉంటాయి. జేపెగ్ తెరిస్తే మాత్రం అమౌంట్ 0 ఉంటుంది. కెమెరా అప్పటికే పదును పెట్టింది కనుక మళ్ళీ పెట్టనక్కరలేదు. ఇక్కడ ఒక ఆసక్తికరమైన విషయం ఉంది. రా ఫైళ్ళకు ఈ అమౌంట్ 2018కి ముందు 25 ఉండేది. ఆ ఏడాది దాన్ని 40కి పెంచారు. అంటే ఇది నీరు 100 డిగ్రీల సెల్సియస్ దగ్గర మరగడం వంటి ప్రకృతి నియమం కాదు. ఎక్కువమంది ఫోటోలకు సరిపోతుందని ఒక సంస్థ తీసుకున్న నిర్ణయం. వాళ్ళు మార్చుకున్నట్టే మనమూ మార్చుకోవచ్చు.

ఒకే విలువ అన్నిటికీ ఎందుకు సరిపోదో మీరే చెప్పగలరు. ఒక కెమెరాలో మసక చేసే పొర ఉంది, ఇంకొక కెమెరాలో లేదు. ఒక ఫోటో మిట్టమధ్యాహ్నం ఐఎస్ఓ 100తో తీసింది, మరొకటి రాత్రి జాతరలో ఐఎస్ఓ 6400తో తీసింది. మొదటిదానికి 40 తక్కువ కావచ్చు. రెండోదానికి 40 పెడితే, మాస్కింగ్ 0లోనే ఉంటే, ఆకాశం నిండా ఇసుక రాలినట్టవుతుంది. తూనీగ రెక్కకు కావలసిన పదును వేరు, తాతగారి ముఖానికి కావలసిన పదును వేరు.

మీ సొంత విలువలు కనుక్కోండి

ఇది ఒక ప్రయోగంలా చేయాలి. మీ బడిలోనో, తెలిసినవారి దగ్గరో రా ఫైళ్ళు తీయగల కెమెరా ఉంటే అడిగి తీసుకోండి. కొన్ని మొబైల్ ఫోన్లలో కూడా ఈ సదుపాయం ఉంది. సాఫ్ట్‌వేర్ కొనవలసిన పని లేదు. డార్క్‌టేబుల్, రాథెరపీ అనేవి ఉచితంగా దొరుకుతాయి. మీటల పేర్లు కొంచెం మారినా అసలు సంగతి ఒక్కటే. డార్క్‌టేబుల్‌లోని షార్పెన్ విభాగంలో రేడియస్, అమౌంట్, త్రెషోల్డ్ అని మూడు ఉంటాయి. మనం చెప్పుకున్న "5 కన్నా తక్కువైతే వద్దు" అనే నియమమే త్రెషోల్డ్.

1. ఒక దినపత్రిక కాగితాన్ని గోడకు అంటించండి. పక్కన ఒక పక్షి ఈకను, ఒక ఎండుటాకును, ఏ గీతలూ లేని ఒక సాదా రంగు కాగితాన్ని కూడా అంటించండి. సాదా కాగితం నాయిస్‌ను చూడటానికి.

2. కెమెరాను స్టాండు మీద గాని, కదలని బల్ల మీద గాని పెట్టండి. ఫోకస్ సరిచూసుకోండి. ఐఎస్ఓ 100, 400, 1600, 6400 లతో ఒక్కొక్క ఫోటో తీయండి. ఫోటోల వెలుగు ఒకేలా ఉండేట్టు చూడండి.

3. కంప్యూటర్‌లో ఫోటోను 100 శాతం పరిమాణంలో చూడండి. అప్పుడు ఫోటోలోని ఒక పిక్సెల్ తెర మీద ఒక పిక్సెల్‌గా కనిపిస్తుంది. ఫోటో మొత్తాన్ని తెరలో పట్టేలా కుదించి చూస్తూ పదును పెడితే మోసపోతారు.

4. ముందు మోతాదును 0 చేసి చూడండి. తరువాత వ్యాసార్ధాన్ని మార్చి, ఈకలోని పోచలు విడివిడిగా కనిపించే అతి తక్కువ విలువ దగ్గర ఆపండి. ఆ తరువాత మోతాదు పెంచుతూ పోయి, అక్షరాల చుట్టూ తెల్లని వలయం కనిపించగానే ఆగి, కొంత వెనక్కి రండి. చివరగా, సాదా కాగితం మీద చుక్కలు అణిగేదాకా మాస్కింగ్‌నో, త్రెషోల్డ్‌నో పెంచండి.

5. నాలుగు ఫోటోలకూ వచ్చిన విలువలను నోటుపుస్తకంలో పట్టికగా రాయండి. ఐఎస్ఓ పెరిగినకొద్దీ మోతాదు ఎలా తగ్గిందో, ముసుగు ఎలా పెరిగిందో గమనించండి. కావాలంటే గ్రాఫు గీయండి.

ఇప్పుడు ఈ విలువలను సాఫ్ట్‌వేర్‌కు నేర్పాలి. లైట్‌రూమ్‌లో ప్రిఫరెన్సెస్ అనే చోట, ప్రీసెట్స్ విభాగంలో రా డిఫాల్ట్స్ అని ఉంటుంది. అక్కడ ఏ కెమెరాకు ఏ విలువలు పెట్టాలో విడివిడిగా చెప్పవచ్చు. ఐఎస్ఓను బట్టి మారే ప్రీసెట్ కూడా తయారుచేయవచ్చు. ఐఎస్ఓ 400కు ఒకటి, 1600కు ఒకటి చెబితే మధ్యలోని 800కు తగిన విలువను అదే లెక్కకట్టుకుంటుంది. డార్క్‌టేబుల్‌లో కూడా ఒక ప్రీసెట్ తయారుచేసి, ఏ కెమెరాకు, ఏ కటకానికి, ఎంత నుంచి ఎంత ఐఎస్ఓ దాకా అది తనంతట తానే వర్తించాలో రాసిపెట్టవచ్చు.

ఒక జాగ్రత్త. డిఫాల్ట్‌గా పెట్టే పదును మొదటి పదును మాత్రమే. కెమెరాలో పోయిన తేటదనాన్ని తిరిగి పూడ్చడం వరకే దాని పని. ఫోటోను చిన్నది చేసి తెర మీద చూపించేటప్పుడో, కాగితం మీద అచ్చువేసేటప్పుడో చివర మరికొంత పదును అవసరం కావచ్చు. అందుచేత మొదటి పదును ఎప్పుడూ కాస్త తక్కువగానే ఉండాలి.

సాన ఎక్కడ ఆగిపోతుంది?

1990 ఏప్రిల్‌లో హబుల్ టెలిస్కోపును అంతరిక్షంలోకి పంపారు. మొదటి ఫోటోలు వచ్చాక తెలిసింది, దాని అద్దం అంచు వద్ద ఉండవలసిన దానికన్నా సుమారు 2.2 మైక్రాన్లు చదునుగా ఉందని. మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు. ఆ కాస్త తేడాకే నక్షత్రాలు చుక్కల్లా కాకుండా మసక బిళ్ళల్లా వచ్చాయి. శాస్త్రవేత్తలు ఊరుకోలేదు. ఒక చుక్క ఏ ఆకారంలో చెదురుతోందో సరిగ్గా కొలిచి, దాన్ని వెనక్కి తిప్పే లెక్కలతో ఫోటోలను చాలావరకు బాగుచేశారు. అందులో ఒకటి 1972లో రిచర్డ్‌సన్, 1974లో లూసీ విడివిడిగా ఇచ్చిన పద్ధతి. ఇవాళ రాథెరపీలో పదును పెట్టే పద్ధతులలో ఇది కూడా ఒకటి!

అయినా ఆ లెక్కలు అన్ని చోట్లా పనిచేయలేదు. ప్రకాశవంతమైన నక్షత్రాలను సరిచేయగలిగారు గాని, మసకగా వెలిగే దూరపు వస్తువుల కాంతి చెదిరి నాయిస్‌లో కలిసిపోయింది. దాన్ని ఏ లెక్కా తిరిగి తేలేకపోయింది. చివరకు 1993 డిసెంబరులో వ్యోమగాములు వెళ్ళి, అద్దంలోని తప్పును సరిదిద్దే పరికరాలు అమర్చవలసి వచ్చింది. కెమెరాలోకి సరిగా చేరని కాంతిని కంప్యూటర్ సృష్టించలేదన్న మాట. ఫోకస్ తప్పిన ఫోటోకు, చెయ్యి వణికిన ఫోటోకు మందు పదును మీట కాదు. మళ్ళీ జాగ్రత్తగా ఫోటో తీయడమే.

ఇంకొక ప్రమాదం కూడా ఉంది. విజ్ఞాన ప్రదర్శన కోసం మీరు పున్నమి చంద్రుణ్ణి ఫోటో తీసి, బాగా కనిపించాలని పదును దండిగా పెట్టారనుకోండి. చంద్రుని అంచు పొడవునా ఒక తెల్లని పట్టీ వెలుస్తుంది. చూడవచ్చిన ఒక చిన్న పిల్లవాడు "అక్కా, అది చంద్రుని చుట్టూ ఉన్న గాలా?" అని అడిగితే ఏం చెబుతారు? చంద్రుని మీద చెప్పుకోదగ్గ వాతావరణం లేదు. ఆ పట్టీ చంద్రునిది కాదు, మీ మీటది. పురుగు రెక్కలో ఒకే ఈనె వలయాల వల్ల రెండు మూడు గీతలుగా కనిపించవచ్చు. దాన్ని చూసి బొమ్మ గీసినవాళ్ళు తప్పు గీస్తారు. ఫోటో అందంగా ఉండటం ఒక ఎత్తు, నిజం చెప్పడం ఒక ఎత్తు.

కాబట్టి ఒక మంచి అలవాటు చేసుకోండి. విజ్ఞాన విషయాల కోసం తీసిన ఫోటో కింద కెమెరా పేరు, ఐఎస్ఓతో పాటు మీరు పెట్టిన పదును విలువలు కూడా రాయండి. అసలు రా ఫైలును చెరపకుండా దాచండి. ఎవరికైనా అనుమానం వస్తే మోతాదును 0 చేసి చూపించవచ్చు. అప్పుడు కూడా ఆ గీత ఉంటే అది ప్రకృతిలో ఉన్నదే కావచ్చు. మాయమైతే అది సానరాయి పని.

చేసి చూడండి

1. 60, 60, 60, 90, 120, 150, 150, 150 అనే వరుస మెల్లగా మారే మసక అంచు. దీనికి మూడింటి సగటుతో పదును పెట్టండి. 90, 120 అనే మధ్య అంకెలు మారాయా? ఇంకా దూరపు పొరుగులను కలిపి ఐదింటి సగటుతో చేస్తే ఏమవుతుంది? దీన్నిబట్టి వ్యాసార్ధం పని ఏమిటో చెప్పండి.

2. 200, 200, 200, 250, 250, 250 అనే వరుసకు మూడింటి సగటుతో పదును పెట్టండి. వచ్చిన అంకెలలో ఏదైనా 255ను దాటిందా? దాటితే ఫోటోలో ఆ చోట ఏం కనిపిస్తుంది?

3. ఇంట్లో ఉన్న మొబైల్‌తో తీసిన ఒక జేపెగ్ ఫోటోను బాగా పెద్దది చేసి, ఆకాశాన్ని ఆనుకున్న చెట్టుకొమ్మల అంచులను చూడండి. తెల్లని వలయం కనిపిస్తోందా? కనిపిస్తే, మీరు అడగకుండానే ఎవరో చక్కెర వేశారన్నమాట!